లెక్కలో మాయమైన రెండు దినాలు

మా అమ్మగారు మంచాన పడిన రోజులలో, రాత్రివేళ ఆమెను కనిపెట్టి ఉండేందుకు ఒక ఆయమ్మను కుదుర్చుకున్నాము. రాత్రి 9 గంటలకు రావటం, ఉదయం 6 గంటలకు వెళ్లటం. గంటకు 100 రూపాయలు. అనువాదాల నిమిత్తం బల్లమీద కంప్యూటర్ ఎలాగూ ఉన్నది గనుక, ఆమె వచ్చిన వేళను, వెళ్లిన వేళను తేదీలతో సహా ఎక్సెల్‌లో వ్రాయసాగాను.

ఒక్కొక్క రాత్రికి 9:00 అని సరిగానే వచ్చింది. ఆరు రాత్రులను కూడమంటే మాత్రం 6:00 అని చూపింది! దానిని 100తో హెచ్చవేస్తే వచ్చిన జీతం 225 రూపాయలు. పక్కన నిలబడి ఉన్న ఆయమ్మ, “నేను కునుకు తీసిన గంటలు తీసేసిందేమో బాబూ” అన్నది. యంత్రాన్ని శంకించక తన్నుతాను శంకించుకున్న ఆ మాట నా మనస్సును కలచివేసింది.

తప్పు ఆమెదీ కాదు, యంత్రానిదీ కాదు; నాది. ఎక్సెల్‌కు ప్రమాణం గంట కాదు, దినం. 1900 జనవరి 1ని అది 1గా ఎంచుతుంది. ఆపై ప్రతి దినానికీ ఒకటి చేరుతుంది. మధ్యాహ్నం 12 గంటలంటే 0.5. తొమ్మిది గంటలంటే 0.375. ఆరు రాత్రులు కలిసి 2.25, అనగా రెండుంబావు దినాలు. గడియారపు రూపంలో చూపమన్నాను గనుక, నిండు దినాలు రెండింటినీ విడిచి, మిగిలిన పావు దినాన్ని మాత్రమే 6:00 అని చూపింది. గోడ గడియారం తన ముళ్లు ఎన్ని చుట్లు తిరిగాయో చెప్పదు కదా!

ఉపాయం సులభమే. ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ అన్నచోట, గంటలకు గుర్తయిన ‘హెచ్’ అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో ఉంచితే 54:00 అని కనిపిస్తుంది. జీతం కట్టవలసినప్పుడు మొత్తాన్ని ముందు 24తో, పిమ్మట గంట వెలతో హెచ్చించి, ఫలితాన్ని మామూలు సంఖ్యగా చూపమనాలి. నిమిషాలు కావలసినవారు 1440తో హెచ్చించవచ్చు. మన పెద్దల పద్ధతిలో 60తో హెచ్చిస్తే 135 ఘడియలు వస్తాయి. ప్రమాణాలు వేరైనా కాలం ఒక్కటే.

గడిలో ఉన్న విలువ మూలం. కంటికి కనిపించేది దాని అనువాదం. అనువాదకుడినై ఉండి, ఆ ఉదయం మూలాన్ని చూడటం మరచాను.

ఆయమ్మ చేతిలో 5,400 రూపాయలు ఉంచి, “నీ కునుకు లెక్కలోకి రాదమ్మా” అన్నాను. ఆమె నవ్వి, అమ్మకు దుప్పటి సరిచేసి వెళ్లింది.