ప్రకటనలకు అడ్డుతెర: అపరాధమా, ఆత్మరక్షణమా?

పత్రికలకు ప్రకటనలు కొత్తవి కావు. పత్రిక వెల పాఠకునికి అందుబాటులో ఉండుటకు ప్రకటనదారు సొమ్మే ఆధారం. అయితే అచ్చు ప్రకటనకు తన్ను ఎవరు చదివారో తెలియదు. ఇంటర్నెట్ ప్రకటన అట్టిది కాదు. 1994 అక్టోబరులో ‘హాట్‌వైర్డ్’లో తొలి బ్యానర్లు వెలసిన పిమ్మట, అది క్రమక్రమంగా పాఠకునే చదవనేర్చినది. మనం వెదకినదేమో, ఆగినదెక్కడో గుర్తించి, మన దృష్టిని వేలం వేసి, ఆ భారమును సైతం మన డేటా ఖర్చులోనే మోపుచున్నది.

అందుచేత యాడ్ బ్లాకర్ వాడువారిని దొంగలనుట న్యాయం కాదు. ‘యాడ్‌బ్లాక్ ప్లస్’ అన్యాయపు పోటీ కిందికి రాదని 2018లో జర్మనీ సమాఖ్య న్యాయస్థానం తీర్పు చెప్పినది. మోసపు ప్రకటనల బారినుండి తప్పించుకొనుటకు బ్లాకర్ వాడవలసినదని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. సంస్థయే ప్రజలకు సలహా ఇచ్చినది.

ఇంతటితో మన బాధ్యత తీరదు. విలేఖరికి జీతం ఎవరో ఒకరు ఇవ్వవలసినదే. పెద్ద పత్రికలు చందాలతో నిలువగలవు; చిన్న ఉర్దూ, తెలుగు పత్రికలకు ఆ బలమేది? వాటి రాబడిని మూసివేసి, మన భాషలలో మంచి పత్రికలు లేవని వాపోవుట తగునా?

విద్యార్థి మిత్రులారా! బ్లాకర్ తప్పక వాడండి. కాని మిమ్ము వెంటాడక, మర్యాదగా ప్రకటన చూపే పత్రికకు ఆ అడ్డు తొలగించండి. కళాశాల కార్యవర్గమువారికి మా మనవి రెండే: గ్రంథాలయ కంప్యూటర్లలో బ్లాకర్ అమర్చండి, దానితోపాటే ఒక ఉర్దూ పత్రికకు, ఒక తెలుగు పత్రికకు చందా కట్టండి.