కన్నీటి కథలు: ఏది నేర్చుకోవాలి? ఏది వదిలేయాలి?



ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న తల్లులు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. "సిస్టర్ గారూ, మా అమ్మాయి ఫోనులో ఏదో సినిమా చూసి రాత్రంతా ఏడ్చింది. అందులో అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ క్యాన్సరేనట. ఇలాంటివి చూడనివ్వవచ్చా?" అని. చూడనివ్వండి అనే నేను చెబుతాను. వీలైతే పక్కన కూర్చుని మీరూ చూడండి. అయితే ఆ కథల్లో ఒక ఒప్పు ఉంది, ఒక తప్పు ఉంది. మన కుటుంబాల్లో చాలామంది ఆ తప్పును గట్టిగా నమ్మి, ఒప్పును పక్కన పెట్టేస్తున్నారు. దానివల్ల పిల్లల ప్రాణాల మీదికి వస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కథ ఎక్కడిది?

యువత కోసం రాసిన ఇలాంటి నవలల్లో ఎక్కువ పేరు పొందింది 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్'. జాన్ గ్రీన్ అనే అమెరికా రచయిత రాసిన ఈ పుస్తకం 2012లో వచ్చింది. ఆయన రచయితగా పేరు తెచ్చుకోకముందు ఒక పిల్లల ఆసుపత్రిలో విద్యార్థి చాప్లిన్‌గా కొన్ని నెలలు పనిచేశారు. అంటే జబ్బుపడ్డ పిల్లల మంచాల పక్కన, వాళ్ల తల్లిదండ్రుల పక్కన కూర్చున్న మనిషి. థైరాయిడ్ క్యాన్సర్‌తో 2010లో, 16 ఏళ్ల వయసులో చనిపోయిన ఎస్తేర్ ఎర్ల్ అనే స్నేహితురాలికి ఆయన ఈ పుస్తకాన్ని అంకితం ఇచ్చారు.

కథలో హేజెల్ అనే అమ్మాయికి 16 ఏళ్లు. థైరాయిడ్‌లో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, చిన్న సిలిండరును బండి మీద లాక్కుంటూ తిరుగుతుంది. ఇండియానాపోలిస్‌లో ఒక చర్చి కింది అంతస్తులో క్యాన్సర్ పిల్లలు కలుసుకుని మాట్లాడుకునే కూడిక ఉంటుంది. అక్కడ ఆమెకు అగస్టస్ పరిచయమవుతాడు. 17 ఏళ్లవాడు, ఎముక క్యాన్సర్ వల్ల ఒక కాలు పోగొట్టుకున్నవాడు. వాళ్ల స్నేహితుడు ఐజాక్‌కు కంటి క్యాన్సర్ వచ్చి రెండు కళ్లూ పోతాయి. చివరికి చనిపోయేది ఆ అమ్మాయి కాదు, అగస్టస్.

ఈ నవల 2014లో ఇంగ్లీషు సినిమాగా వచ్చింది. కథను జంషెడ్‌పూర్‌కు మార్చి 2020లో హిందీలో 'దిల్ బేచారా'గా తీశారు. కథానాయకుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ ఆ సినిమా విడుదలకు నెలన్నర ముందే, 2020 జూన్‌లో చనిపోయారు. కరోనా రోజుల్లో ఇంట్లోనే కూర్చుని ఆ సినిమా చూసిన మన పిల్లలు రెండింతలు ఏడ్చారంటే ఆశ్చర్యం లేదు.

ఆ కథలోని ఒప్పు

ఈ పుస్తకంలో నాకు నచ్చింది ప్రేమకథ కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ దాచరు. హేజెల్‌కు తన జబ్బు పేరు తెలుసు, ఏ మందు వాడుతున్నారో తెలుసు, ఎంతవరకు పనిచేస్తుందో తెలుసు. డాక్టర్లు ఆమెను కూర్చోబెట్టుకునే మాట్లాడతారు. ఆమె విసుక్కుంటుంది, జోకులు వేస్తుంది, అమ్మతో పోట్లాడుతుంది. అంటే జబ్బు వచ్చినా ఆమె ఒక మామూలు పిల్లగానే ఉంటుంది.

అన్నిటికంటే నిజమైన చోటు ఇంకొకటి ఉంది. తాను పోతే అమ్మానాన్నలు ఏమైపోతారో అన్నదే ఆ అమ్మాయి పెద్ద దిగులు. నాకు జబ్బు అన్న బాధకంటే, నావల్ల వీళ్లు చితికిపోతున్నారన్న బాధ ఎక్కువ. తన తల్లి సోషల్ వర్క్ చదువుతోందని, తాను లేకపోయినా ఆమెకు చేయడానికి ఒక పని ఉంటుందని తెలిసిన రోజున హేజెల్ కోపగించుకోదు, సంతోషిస్తుంది. ముప్పై ఏళ్లుగా వార్డుల్లో తిరిగినదానిగా చెబుతున్నాను, ఇది అక్షరాలా నిజం. రాత్రి డ్యూటీలో పిల్లలు నర్సును పిలిచి అడిగేది "నాకేమవుతుంది" అని మాత్రమే కాదు. "మా అమ్మ అన్నం తిన్నదా సిస్టర్?" అని కూడా అడుగుతారు.

నొప్పి విషయం కూడా ఆయన సరిగ్గానే రాశారు. పదికి ఎంత నొప్పి ఉందని నర్సు అడిగితే హేజెల్ తొమ్మిది వేళ్లు చూపిస్తుంది. పదిని దాచిపెట్టుకుంటుంది. చదవడానికి ఇది గొప్పగా ఉంటుంది. కాని మా దగ్గర మాత్రం అలా చేయకండి. నొప్పి పది అయితే పది అనే చెప్పండి. మేము ఇచ్చే మందు మీరు చెప్పే అంకెను బట్టే ఉంటుంది. ఓర్చుకున్నందుకు ఇక్కడ ఎవరూ మార్కులు వేయరు.

మన సినిమాలు నేర్పింది

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం' నా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. దాసరి నారాయణరావు గారి సినిమా. తనకు క్యాన్సర్ అని తెలియగానే అక్కినేని గారు ఆ సంగతి ప్రేమించిన అమ్మాయికి చెప్పరు. ఆమె తనను అసహ్యించుకుని వేరే పెళ్లి చేసుకోవాలని చెడ్డవాడిగా నటిస్తారు. థియేటర్లలో జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపుతో పాటు మనం ఒక పాఠం కూడా ఇంటికి తెచ్చుకున్నాం. దాచడమే త్యాగం, దాచడమే ప్రేమ అని.

ఆ పాఠం ఇప్పటికీ మన ఇళ్లలో నడుస్తోంది. బయాప్సీ రిపోర్టు రాగానే ముందు మేనమామకు చెబుతారు, తర్వాత తండ్రికి, ఆ తర్వాత తల్లికి. రోగికి మాత్రం "చిన్న గడ్డే, మందులకు కరిగిపోతుంది" అంటారు. వార్డు తలుపు దగ్గర మా చేతులు పట్టుకుని "క్యాన్సర్ అనే మాట మా బిడ్డ ముందు అనకండి" అని బతిమాలతారు. అది ప్రేమతో చేసే పనే, కాదనను. కాని ఆ బిడ్డకు జుట్టు రాలుతోంది. పక్క మంచం వాళ్లకూ రాలుతోంది. ఆసుపత్రి బోర్డు చదవడం వచ్చు. చేతిలో ఫోను ఉంది. ఇంక తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిపోతుంది. తెలిశాక, అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు నటిస్తుంది. అలా ముగ్గురూ ఒకరి ముందు ఒకరు నటిస్తూ, ముగ్గురూ ఒంటరిగా ఏడుస్తారు. సినిమాలో అది రెండున్నర గంటలు. ఇంట్లో అది నెలల తరబడి సాగుతుంది.

"చెబితే తట్టుకోలేదు సిస్టర్" అంటారు. వెంటనే దిగులుపడటం నిజమే. కాని చెప్పనప్పుడు ఇంకో నష్టం ఉంది. చిన్న గడ్డే అని నమ్మిన కుర్రాడు రెండు కీమోలు అయ్యేసరికి వాంతులు భరించలేక "తగ్గిపోయింది కదా, ఇంటికి పోదాం" అంటాడు. తన జబ్బు పేరు, చికిత్స ఎన్ని నెలలో తెలిసినవాడు పళ్లబిగువున ఓర్చుకుంటాడు.

ఆ కథలోని తప్పు

ఇక తప్పు సంగతికి వస్తాను. ఈ కథల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లలు దాదాపుగా చనిపోతారు. 2002లో వచ్చిన 'ఎ వాక్ టు రిమెంబర్' అనే సినిమా చూడండి. నికొలస్ స్పార్క్స్ 1999లో రాసిన నవల అది. అందులో పాస్టరు గారి అమ్మాయికి బ్లడ్ క్యాన్సర్, ఆమె బతకదు. కథకు చావు కావాలి, లేకపోతే కన్నీళ్లు రావు. రచయితలను నేను తప్పు పట్టను. కాని మన పిల్లలకు క్యాన్సర్ గురించి తెలిసిందల్లా ఇలాంటి నాలుగు సినిమాలే అయితే, రిపోర్టు చూడగానే "ఇక అయిపోయింది" అనుకుంటారు. చూడని తల్లిదండ్రులు కూడా అదే అనుకుంటారు. పొలం అమ్మి వైద్యం చేయించినా దక్కనప్పుడు ఎందుకని, చికిత్స మధ్యలో తీసుకువెళ్లిపోతారు.

అసలు లెక్కలు వేరుగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, వైద్యం బాగా అందే సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతున్నారు. చాలా పేద, మధ్యస్థాయి దేశాల్లో 30 మంది కూడా నయం కావడం లేదు. రెండు చోట్లా జబ్బు ఒకటే. ఆలస్యంగా రావడం, జబ్బును సరిగా గుర్తించకపోవడం, మందులు అందకపోవడం, చికిత్స మధ్యలో మానేయడం, ఇవే ఆ తేడాకు పెద్ద కారణాలు.

కథలోని జబ్బులనే తీసుకుందాం. హేజెల్‌కు వచ్చిన థైరాయిడ్ క్యాన్సర్ చిన్న వయసువాళ్లలో ఊపిరితిత్తులకు పాకినా, ఆపరేషన్‌తో, రేడియో అయోడిన్ చికిత్సతో చాలామంది ఏళ్ల తరబడి బతుకుతారు. అగస్టస్‌కు వచ్చిన ఎముక క్యాన్సర్‌కు 1970లకు ముందు కాలు తీసేసినా నూటికి 20 మంది కూడా దక్కేవారు కాదు. కీమోథెరపీ వచ్చాక, జబ్బు వేరే చోటికి పాకకముందే వచ్చినవాళ్లలో 60 నుండి 70 మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. చాలామందికి కాలు తీయకుండానే ఆపరేషన్ చేస్తున్నారు. ఐజాక్‌కు వచ్చిన కంటి క్యాన్సర్ సాధారణంగా అయిదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. తొందరగా గుర్తిస్తే దాదాపు అందరి ప్రాణాలూ, కొందరి చూపు కూడా కాపాడవచ్చు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ సంపన్న దేశాల్లో నూటికి 90 మందికి నయమవుతోంది.

ఇంకొక మాట. హేజెల్ వాడే ఫాలాంక్సిఫర్ అనే మందు ఎక్కడా లేదు. తాను దాన్ని ఊహించి రాశానని రచయితే పుస్తకంలో చెప్పారు. దాని కోసం వెతకకండి. అలాగే అగస్టస్ సిగరెట్టు నోట్లో పెట్టుకుంటాడు, ఎప్పుడూ వెలిగించడు. అది చూసి కుర్రాళ్లు స్టయిలు అనుకుంటున్నారు. నోటి దాకా వచ్చిన సిగరెట్టుకు అగ్గిపుల్ల ఎంత దూరం? పైగా ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి పక్కన నిప్పు వెలిగితే ఏమవుతుందో ఏ నర్సును అడిగినా చెబుతుంది.

ఈ గుర్తులు మరచిపోకండి

సినిమా చూసి ఏడ్చినదానికంటే ఇవి గుర్తుపెట్టుకుంటే ఎక్కువ మేలు.

మోకాలి దగ్గర గానీ, భుజం దగ్గర గానీ నొప్పి, వాపు రెండు మూడు వారాలైనా తగ్గకపోవడం, రాత్రిపూట ఎక్కువ కావడం. ఆటలో దెబ్బ తగిలిందని నూనె రాసి మర్దన చేయించడం, కట్లు కట్టించడం చేయకండి. ముందు ఎక్స్‌రే తీయించండి.

మెడ ముందు భాగంలో గడ్డ, మింగినప్పుడు పైకీ కిందికీ కదలడం.

పసిపిల్లల కంటి పాపలో తెల్లని మెరుపు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా కనిపిస్తే ఆలస్యం చేయకండి. కొత్తగా వచ్చిన మెల్లకన్ను కూడా చూపించాలి.

తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుండి రక్తం.

వీటిలో ఏది ఉన్నా క్యాన్సరే అని కాదు. ఎక్కువసార్లు వేరే కారణమే ఉంటుంది. కాని చూపించుకుంటేనే కదా తెలిసేది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేర్లు మారుతూ వచ్చినా రెండు రాష్ట్రాల్లోనూ క్యాన్సర్ చికిత్సలకు వర్తిస్తోంది. పొలం అమ్మే ముందు కార్డు పట్టుకుని వచ్చి అడగండి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

అంతా ఒక్కరోజే చెప్పనక్కర లేదు. ముందు బిడ్డకు ఏం తెలుసో అడగండి. "నీకు ఏమైందని అనుకుంటున్నావు?" అంటే చాలు, సగం వాళ్లే చెబుతారు. జబ్బు పేరు చెప్పండి. చికిత్స ఎన్నాళ్లు, ఏ బాధలు ఉంటాయి, అవి ఎప్పుడు తగ్గుతాయి చెప్పండి. అడిగినంత వరకే చెప్పండి. తెలియనిది ఉంటే "డాక్టరు గారిని ఇద్దరం కలిసి అడుగుదాం" అనండి. ఒక్క అబద్ధం మాత్రం చెప్పకండి, ఎందుకంటే అది బయటపడిన రోజు నుండి మీరు చెప్పే మంచి మాట కూడా నమ్మరు. పలకరించడానికి వచ్చే బంధువులు, సంఘస్థులు కూడా రోగి ముందు గుసగుసలాడకండి. మీ ఊళ్లో ఎవరెవరు పోయారో ఏకరువు పెట్టకండి. పిల్లవాడితో క్రికెట్టు గురించి మాట్లాడండి, పరీక్షల గురించి మాట్లాడండి.

నయం కాని దశలో ఉన్నా చేయగలిగింది ఉంటుంది. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ మాత్రలున్నాయి, ఆయాసం, వాంతులు తగ్గించే మందులున్నాయి. ఆ దశలోనే నిజం మాట్లాడుకున్న కుటుంబానికీ, దాచుకున్న కుటుంబానికీ తేడా బాగా తెలుస్తుంది. మొదటివాళ్లు చెప్పుకోవలసినవి చెప్పుకుంటారు. రెండోవాళ్లకు ఆ సమయం దొరకదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఆ సినిమా మీ పిల్లలు చూస్తుంటే ఫోను లాక్కోకండి. అయిపోయాక, "అందులో వాళ్లు ఒకరితో ఒకరు దాపరికం లేకుండా ఉన్నారు, మనమూ అలా ఉందాం" అని చెప్పండి. "అందులో అబ్బాయి చనిపోయాడు గానీ, బయట వేళకు వైద్యానికి వచ్చిన పిల్లలు చాలామంది బతుకుతున్నారు" అని కూడా చెప్పండి. ఈ రెండో మాట సినిమావాళ్లు చెప్పరు. ఇంట్లోవాళ్లే చెప్పాలి.

నర్సింగ్ సూపరింటెండెంట్