ఇంటర్వ్యూకి ముందు ఒక్కసారి మీ డెస్క్‌టాప్‌ని చెడగొట్టండి

మీ రెజ్యుమె ఓసారి తీసి 'స్కిల్స్' అన్న చోట ఏం రాశారో చూడండి. సీ, జావా, పైథాన్... వాటి పక్కన 'లినక్స్' కూడా ఉందా? ఉంటే మీకో ప్రశ్న. మీ సిస్టమ్‌లో చివరిసారిగా ఏ కాన్ఫిగరేషన్ ఫైల్ మార్చారు? ఎందుకు మార్చారు? మార్చాక ఏం పాడైంది? దాన్ని ఎలా బాగుచేశారు?

సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడప్పుడు ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. నాకు తరచూ ఎదురయ్యే దృశ్యం ఒకటే. ఎల్ఎస్, సీడీ, గ్రెప్ అంటూ కమాండ్లు గడగడా అప్పజెప్పేస్తారు. "సరే బాబూ, ఈ కమాండ్‌కి నీకు తెలియని ఆప్షన్ ఒకటి కావాలి. నెట్ లేదు. ఎక్కడ వెతుకుతావు?" అంటే మాత్రం మౌనం. కాసేపాగి "అది సిలబస్‌లో లేదు సార్" అంటారు. నిజమే, లేదు. కానీ ఉద్యోగంలో రోజూ చేయాల్సిన పని అదే.

అందుకే నేను చెప్పేది కొంచెం వింతగా ఉండొచ్చు. మరో సర్టిఫికెట్ కోర్సుకి డబ్బు కట్టే ముందు, ఒక నెల రోజులు మీ డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ని కాన్ఫిగర్ చేయడం నేర్చుకోండి. పైసా ఖర్చు లేదు. హైదరాబాద్ వెళ్లక్కర్లేదు.

మూలనున్న ల్యాప్‌టాప్ చాలు

మన ప్రాంతం సంగతి మనకి తెలుసు. గుడివాడలో చదివినా, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చేసినా, బందరులో కృష్ణా విశ్వవిద్యాలయంలో పీజీ చేసినా, కోర్సు అవ్వగానే బ్యాగు సర్దుకుని అమీర్‌పేటకో బెంగళూరుకో బయల్దేరడం మామూలైపోయింది. దివిసీమ పిల్లలకైతే రైలు కూడా లేదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా బస్సెక్కాల్సిందే. హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కలిపితే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అంత ఖర్చుపెట్టి అక్కడ మొదటి నెలలో నేర్చుకునే దానిలో చాలా భాగం ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీదే వస్తుందంటే, ముందు దాని సంగతి చూడాలి కదా.

ఆ పాత ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, గుర్తింపు పొందిన ప్రాసెసర్ ఉండాలి. అన్నయ్య వాడి వదిలేసిన మెషీన్‌లో ఇవన్నీ ఉండకపోవచ్చు. "ఇక ఇది పనికిరాదు, కొత్తది కొనాలి" అని నాన్నగారిని అడిగే ముందు ఆగండి. డెబియన్ లాంటి ఉచిత లినక్స్ వేసి, బరువైన డెస్క్‌టాప్ బదులు తేలికపాటి విండో మేనేజర్ పెడితే ఆ మెషీన్ మీకు ల్యాబ్ అవుతుంది. ఇది మనకి కొత్త దారేమీ కాదు. సీ-డాక్ వాళ్ల బాస్ లినక్స్, తెలుగులో లినక్స్ తెచ్చిన హైదరాబాద్ 'స్వేచ్ఛ' ఎప్పట్నుంచో ఈ దారిలోనే ఉన్నాయి.

విండో మేనేజర్ అంటే?

మీరు బ్రౌజర్ తెరుస్తారు. ఆ విండోకి పైన పట్టీ, మూలన మూసే బటన్, లాగితే జరగడం, ఆల్ట్-ట్యాబ్ నొక్కితే ఇంకోటి ముందుకు రావడం - ఇవన్నీ బ్రౌజర్ చేసే పనులు అనుకుంటాం. లినక్స్‌లో చాలాకాలంగా వాడుతున్న ఎక్స్ విండో సిస్టమ్‌లో వీటిని చూసుకునేది విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్. 1984లో ఎంఐటీలో ఎక్స్ మొదలైనప్పట్నుంచీ దాని పద్ధతి ఇదే: తెర మీద గీసే సాధనాలు మాత్రం ఎక్స్ ఇస్తుంది, విండోలు ఎలా కనిపించాలి, ఎలా నడవాలి అన్న నిర్ణయం వేరే ప్రోగ్రామ్‌కి వదిలేస్తుంది. అందుకే నచ్చకపోతే ఆ ఒక్క ప్రోగ్రామ్‌నే మార్చుకోవచ్చు.

అలాంటివి డజన్ల కొద్దీ ఉన్నాయి. ఉదాహరణకి ఐస్‌డబ్ల్యూఎం తీసుకుందాం. 1997లో మార్కో మాచెక్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ పాత మెషీన్ల మీద కూడా హాయిగా నడుస్తుంది. దీని సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి. మొత్తం నడవడిక 'ప్రిఫరెన్సెస్' ఫైల్‌లో, ప్రోగ్రాములు తెరిచే కీబోర్డ్ షార్ట్‌కట్లు 'కీస్'లో, మెనూ 'మెనూ'లో, ఒక్కో ప్రోగ్రామ్‌కి ప్రత్యేక నియమాలు 'విన్‌ఆప్షన్స్'లో. నోట్‌ప్యాడ్ వాడటం వస్తే ఇవి మార్చడం వస్తుంది.

ఇక కమాండ్ లైన్ ఆప్షన్లు. టెర్మినల్‌లో ప్రోగ్రామ్ పేరు కొట్టి, రెండు హైఫన్లు పెట్టి 'హెల్ప్' అనండి. జాబితా మొత్తం మీ ముందుంటుంది. 'రీప్లేస్' అంటే ఇప్పుడు నడుస్తున్న విండో మేనేజర్‌ని పక్కకి జరిపి తను కూర్చుంటుంది, మీరు తెరిచిన ప్రోగ్రాములు అలాగే ఉంటాయి. 'కాన్ఫిగ్' అంటే మామూలు ప్రిఫరెన్సెస్ ఫైల్ బదులు మీరు చెప్పిన ఫైల్ చదువుతుంది. 'థీమ్', 'డిస్‌ప్లే', 'రీస్టార్ట్' - ఇలా. వివరం కావాలంటే 'మ్యాన్' అని కొట్టి పక్కన ప్రోగ్రామ్ పేరు రాస్తే చాలు, పుస్తకం తెరుచుకుంటుంది. ఇంటర్వ్యూలో నేనడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇదే.

చివరి మాట ఎవరిది?

మొదటిరోజే మీకో తలనొప్పి వస్తుంది. ప్రిఫరెన్సెస్ ఫైల్‌లో టాస్క్‌బార్ కింద కాకుండా పైన ఉండాలని 0 తీసి 1 పెడతారు. రీస్టార్ట్ చేస్తారు. ఏమీ మారదు. రెండుసార్లు, మూడుసార్లు. చివరికి చూస్తే ఆ లైను ముందు హ్యాష్ గుర్తుంటుంది. హ్యాష్ ఉంటే అది వ్యాఖ్య, ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోదు. హ్యాష్ తీసేస్తారు, టాస్క్‌బార్ పైకి వెళ్తుంది. ఇంకోరోజు రంగు మారుస్తారు. ఈసారి హ్యాష్ కూడా లేదు, అయినా మారదు. ఎందుకంటే ప్రిఫరెన్సెస్‌లో రాసినదాన్ని థీమ్ దాటేస్తుంది. థీమ్‌ని కూడా దాటాలంటే 'ప్రిఫోవర్‌రైడ్' అనే ఇంకో ఫైల్‌లో రాయాలి.

డెల్టా పిల్లలకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. అక్కణ్నుంచి ప్రధాన కాలువ, బ్రాంచి కాలువ, పంట బోదె దాటి మన చేలోకి రావాలి. మధ్యలో ఎన్ని తూములో. శివారు రైతు అడిగేది బ్యారేజీ దగ్గర ఎంత వదిలారని కాదు, నా చేలోకి ఎంత వచ్చిందని. కాన్ఫిగరేషన్ కూడా అంతే. ప్రోగ్రామ్‌లో పుట్టుకతో ఉన్న విలువ ఒకటి, సిస్టమ్ మొత్తానికి పెట్టింది ఒకటి, మీ హోమ్ ఫోల్డర్‌లో మీరు పెట్టుకున్నది ఒకటి, థీమ్ ఇచ్చింది ఒకటి. చివరికి ఏది అమలైందన్నదే అసలు లెక్క. ఐస్‌డబ్ల్యూఎంలో అది చూడ్డానికీ ఒక ఆప్షన్ ఉంది: 'పోస్ట్‌ప్రిఫరెన్సెస్'. ప్రతి సెట్టింగ్‌కీ ఆఖరున అమల్లో ఉన్న విలువ ముద్రించి ఇస్తుంది. శివారులో నిలబడి నీటిమట్టం చూసినట్టే.

ఉద్యోగంలో ఇదెక్కడ?

"విండో మేనేజర్ తెలిసినవాళ్లు కావలెను అని ఏ ప్రకటనలోనూ చూళ్లేదే" అంటారు మీరు. నేనూ చూడలేదు. ఐస్‌డబ్ల్యూఎం వచ్చని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ దానిమీద అలవాటైన పనులు ఇంకోచోట ఎలా పనికొస్తాయో చూడండి.

గిట్‌లో సెట్టింగులు సిస్టమ్, గ్లోబల్, లోకల్ అని మూడు అంచెల్లో ఉంటాయి. కమాండ్ లైన్‌లో హైఫన్, చిన్న సీ పెట్టి ఇస్తే ఆ ఒక్కసారికి అదే నెగ్గుతుంది. మీ బోదె లెక్కే మళ్లీ. వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్‌లో కాన్ఫిగరేషన్ మార్చాక హైఫన్, చిన్న టీ పెట్టి నడిపితే ఫైల్‌లో తప్పులున్నాయేమో చూసి చెబుతుంది. రిమోట్ లాగిన్ చూసుకునే ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోనూ చిన్న టీ పని అదే. ఐ3 అనే విండో మేనేజర్‌లో అదే పనికి పెద్ద సీ. సర్వర్ ఆపకుండా కొత్త సెట్టింగులు చదివించడానికి ఎన్‌జినెక్స్‌కి 'హప్' అనే సిగ్నల్ పంపుతారు. ఐస్‌డబ్ల్యూఎంకి అదే సిగ్నల్ పంపితే అది రీస్టార్ట్ అయి మీ ఫైళ్లని కొత్తగా చదువుకుంటుంది. మార్చే ముందు కాపీ తీసుకోవడం, ముందు పరీక్షించడం, తర్వాత అమలు చేయడం, పాడైతే పాతది వెనక్కి పెట్టడం. సపోర్ట్ ఇంజనీర్ నుంచి డెవాప్స్ దాకా రోజువారీ పని ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షే చూడండి. అందులో మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు ఉండవు. సిస్టమ్ ఇచ్చి పని చేయమంటారు. ఇంటర్నెట్ ఉండదు గానీ, సిస్టమ్‌లో ఉన్న మ్యాన్ పేజీలు చదువుకోవచ్చు. బట్టీ పట్టినవాడికి అది భయం. మ్యాన్ పేజీ చదవడం అలవాటైనవాడికి అది పుస్తకం తెరిచి రాసే పరీక్ష.

"ఏఐని అడిగితే చెప్పేస్తుందిగా" అనే వాళ్లూ ఉన్నారు. అడగండి, తప్పులేదు. కానీ అది చెప్పిన ఆప్షన్ మీ వెర్షన్‌లో ఉందా అన్నది ఎవరు చూస్తారు? ఒక విండో మేనేజర్ ఆప్షన్‌ని ఇంకోదానికి అంటగట్టి నమ్మకంగా చెప్పే సందర్భాలు ఉంటాయి. 'వెర్షన్' చూసి, 'హెల్ప్' చూసి సరిచూసుకునే మనిషికే కంపెనీ జీతం ఇస్తుంది. అడిగి అతికించేవాళ్లకి ఇవ్వడానికి రేపు కారణం మిగలకపోవచ్చు.

జాగ్రత్తగా చెడగొట్టండి

చెడగొట్టమన్నాను కదా అని ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో డిస్క్ మొత్తం తుడిచేయకండి. మార్కుల మెమోలు, ఫొటోలు, చెల్లి ప్రాజెక్టు ఫైళ్లు ముందు వేరేచోట దాచండి. ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో నడిపి చూడండి, హార్డ్‌డిస్క్‌కి ఏమీ కాదు. లినక్స్ నచ్చి వేసుకున్నాక కూడా ఒక ఉపాయం ఉంది. జెఫర్ అనే ప్రోగ్రామ్ మీ తెరమీదే ఒక విండోలో ఇంకో చిన్న తెర సృష్టిస్తుంది. ఐస్‌డబ్ల్యూఎంని 'డిస్‌ప్లే' ఆప్షన్‌తో ఆ చిన్న తెరకి పంపి, 'కాన్ఫిగ్' ఆప్షన్‌తో ప్రయోగాల ఫైల్ ఇవ్వండి. అక్కడ ఏం తగలబెట్టినా బయట మీ అసలు డెస్క్‌టాప్ చెక్కుచెదరదు. కంపెనీల్లో టెస్టింగ్ సర్వర్ వేరు, అసలు సర్వర్ వేరు అని ఎందుకు పెడతారో అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇంకో హెచ్చరిక. ఇదొక మోజుగా మారే ప్రమాదం ఉంది. వాల్‌పేపర్లు, పారదర్శక విండోలు, రంగుల థీములు అంటూ రాత్రుళ్లు గడిపేసి స్క్రీన్‌షాట్లు స్టేటస్‌లో పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అది సరదా, తప్పుకాదు, కానీ అది చదువు కాదు. రోజుకి గంట చాలు. ప్రతి మార్పునీ గిట్‌లో పెట్టండి. ఏం మార్చాను, ఎందుకు మార్చాను అని ఒక్క వాక్యం రాయండి. పాడైన రోజున ఏం జరిగిందో రెండు వాక్యాలు రాయండి. నెల తిరిగేసరికి మీ చేతిలో ఉండేది సర్టిఫికెట్ కంటే గట్టిది: మీ పేరుతో, తేదీలతో, తప్పులతో సహా మీరు పనిచేసిన దాఖలా.

అప్పుడు ఇంటర్వ్యూలో "లినక్స్ వచ్చా?" అంటే "వచ్చు సార్" అని ఆగిపోరు. "మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఒకరోజు కీస్ ఫైల్ పాడుచేశాను సార్, ఒక్క షార్ట్‌కట్ కూడా పనిచేయలేదు..." అని మొదలుపెడతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు పెన్ను పక్కనపెట్టి వింటారు. నేనైతే వింటాను. ఆ కథ మీ దగ్గర ఉండాలంటే, ఈ రాత్రే మూలనున్న ఆ ల్యాప్‌టాప్ దుమ్ము దులపండి.