లెక్క అడుగువా రెవ్వరు?

విదేశహస్తము అను మాట మన దేశమున నెన్నడును పాతబడదు. సాయంకాలము పఠనాలయమున పత్రికలు విప్పికొని కూర్చున్నవారి నడుమ ఈ మాట వినబడని దినమే అరుదు. ఒకరు చీనా యందురు, మరియొకరు అమెరికా యందురు. ఎన్నికలలో ఓడిన పక్షము గెలిచిన పక్షమును బయటివారి కీలుబొమ్మ యనును; గెలిచిన పక్షము తన్ను ప్రశ్నించువా రందరును బయటి సొమ్ము తిన్నవారే యనును. మేమును స్వదేశాభిమానులమే, ఈ దేశపు వ్యవహారములలో పరుల జోక్యమును సహింపుడని మే మెవ్వరికిని చెప్పబోము. అయినను పరులు ఏ దారిని లోపలికి వత్తురు, ఆ ద్వారము తీయు వా రెవ్వరు అను విచారణ జరుగనిదే ఈ కేకలవలన ప్రయోజనము లేదు. ఆ విచారణకు మన బోనకల్లు రైలు స్టేషనుకంటె దూరము పోవలసిన పని లేదు.

ఖమ్మము మీదుగా బోనకల్లు, మధిర దాటి బెజవాడ చేరు ఈ మార్గము 1889లో పూర్తియైనది. దీనిని వేసినది నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీ. పేరు నిజాముది, కంపెనీ లండనుది. గ్యారంటీ యనగా నేమి? కంపెనీవారు పెట్టిన మూలధనముపై నూటికి 5 చొప్పున 20 సంవత్సరముల వరకు ఏటేట లాభము ముట్టజెప్పుదుమని నిజాము ప్రభుత్వము పూచీపడుట. బండ్లు నిండుగ నడచినను, ఖాళీగ నడచినను లండనులోని వాటాదారునకు లోటు లేదు. లోటు వచ్చినచో దానిని పూడ్చునది సర్కారు ఖజానా. ఆ ఖజానాను నింపునది శిస్తు కట్టు రైతు.

ఈ ఒడంబడిక మాటలు 1883లో జరుగుచుండగా హైదరాబాదులో కొందరు విద్యావంతులు గుమిగూడి, షరతులేమో ప్రజలకు తెలుపుడని ప్రభుత్వము నడిగిరి. చాందా రైల్వే ఆందోళన మని చరిత్రకారులు చెప్పునది ఇదియే. వారిలో ప్రముఖుడు అఘోరనాథ చటోపాధ్యాయుడు, సరోజినీదేవి తండ్రి. విద్యాశాఖలో ప్రభుత్వోద్యోగి. ఆయన వంగదేశీయుడు. ఆయనను ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టిరి. చిత్రము చూడుడు! సముద్రము దాటి వచ్చిన కంపెనీకి స్వాగతము. వంగదేశమునుండి వచ్చి లెక్క చూపుమనిన పండితునకు దేశబహిష్కారము. ఆనాటి హైదరాబాదు ప్రభుత్వమునకు కంటగింపైనది బయటివాడు గాదు, ప్రశ్న.

ప్రశ్న నణచిన ఫలితము అయిదేండ్లలోనే బయటపడినది. రైల్వే బేరమున మధ్యవర్తిగ నుండిన హోం సెక్రటరీ అబ్దుల్ హక్కు, బిరుదనామము సర్దారు దిలేరు జంగు, 1886లో గనుల హక్కుల బేరమును కూడ నడపెను. ఇద్దరు ఆంగ్లేయులకు రాజ్యములోని ఖనిజములను త్రవ్వుకొను హక్కు దొరకినది. వారు లండనులో హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించి, లక్ష షేర్లలో 85,000 షేర్లను, పూర్తిగ సొమ్ము చెల్లినట్లుగా లెక్క వ్రాసికొని, తమకే ఉంచుకొనిరి. 1871లో డాక్టరు కింగు కనుగొనిన ఎల్లందు బొగ్గు ఈ కాగితముల వెలను పెంచినది. పిమ్మట ఆ షేర్లలో కొన్నిటిని నిజాము ప్రభుత్వముచేతనే హెచ్చు వెలకు కొనిపించిరి! తన భూమిలోని బొగ్గుపై హక్కును పరుల కిచ్చి, ఆ హక్కు కాగితమును వారివద్దనే ఎదురు సొమ్మిచ్చి కొనుక్కొనిన ప్రభుత్వము లోకమున మరియొకటి కలదేమో మే మెరుగము.

ఈ మోసమును విచారించిన దెవ్వరు? 1888లో ఇంగ్లండు కామన్సు సభవారి సెలెక్టు కమిటీ. అబ్దుల్ హక్కు పదవి పోయినది. ఎల్లందు రైతుగాని బోనకల్లు రైతుగాని ఆ కమిటీ యెదుట సాక్షి కాడు, ఫిర్యాది కాడు.

ఇదియే మొదటిమారు కాదు. దీనికి అరువదేండ్లు పూర్వము పామరు కంపెనీ కథ నడచినది. ఆంగ్లేయులు దేశీయ ప్రభువులకు అప్పు లియ్యరాదని పార్లమెంటు చట్టము చేసియుండగా, 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు ఈ కంపెనీకి ఆ నిషేధమునుండి మినహాయింపు నొసగెను. కంపెనీ భాగస్వాములలో నొకడగు రంబోల్డు హేస్టింగ్సు ఇంట పెరిగిన కన్యను పెండ్లాడినవాడు. రెసిడెంటుల బలముచే నిలిచిన మంత్రి చందూలాలు అప్పుపై నప్పు చేసెను. రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు ఈ గుట్టును బయటపెట్టెను. ఆ న్యాయము అతనికి చెల్లవలసినదే. తుదకు అప్పు తీరిన విధ మెట్టిది? ఉత్తర సర్కారులకై ఏటేట నిజామునకు ముట్టవలసిన 7 లక్షల రూపాయల పేష్కషును శాశ్వతముగ వదలుకొనవలసివచ్చెను. కళింగమునుండి గుంటూరు వరకు గల తెలుగు గడ్డపై వచ్చు రాబడి ఒక వడ్డీ వ్యాపారి ఖాతాలో చెల్లైపోయినది. దీనిపై చర్చ జరిగినది 1825లో, లండనులో, ఈస్టిండియా కంపెనీ వాటాదారుల సభలో.

మూడవ ముచ్చట మొన్నమొన్నటిది. 1948 సెప్టెంబరులో, భారత సైన్యములు హైదరాబాదు ప్రవేశించిన దినములలో, హైదరాబాదు ప్రభుత్వమునకు లండను బ్యాంకులో నుండిన పదిలక్షల పౌనులకు పైబడిన సొమ్ము పాకిస్తాను హైకమిషనరు పేరికి మారినది. సొమ్ము బ్యాంకులోనే యుండి పెరిగి మూడున్నర కోట్ల పౌనులైనది. 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు న్యాయమూర్తి ఆ ధనము పాకిస్తానుది గాదనియు, భారతదేశమునకును నిజాము వారసులకును చెందుననియు తీర్పు చెప్పెను. ఆ పౌనులు ఎవరి శిస్తునుండి పుట్టినవో ఆ వ్యాజ్యమున ప్రశ్నయే రాలేదు.

మూడు మారులు హైదరాబాదు లెక్క విప్పబడినది. మూడు మారులును లండనులోనే! ఇంగ్లీషువారు మనకంటె ధర్మాత్ము లగుటచేతనా? కాదు. వారికి పార్లమెంటు కలదు, వాటాదారులకు సభ కలదు, న్యాయస్థానము కలదు. తమ సొమ్ము ఏమైనదని అడుగుటకు వారికి చోటుండెను. 1926 మార్చిలో రీడింగు ప్రభువు నిజామునకు వ్రాసిన లేఖలో బ్రిటిషు సార్వభౌమత్వమునకు మించిన దేదియు ఇండియాలో లేదని తేల్చి చెప్పెను. నిజాము వైస్రాయికి జవాబుదారి, వైస్రాయి లండనుకు జవాబుదారి, లండను మంత్రి అక్కడి ఓటరుకు జవాబుదారి. ఈ మెట్లలో మన రైతునకు ఒక్క మెట్టును లేదు. 1938లో స్టేటు కాంగ్రెసు సరిగ పుట్టకమునుపే నిషేధింపబడినది. తన ప్రజలకు జవాబు చెప్పని ప్రభువు పరులకు జవాబు చెప్పక తప్పదని ఆనాటివారు గ్రహించియే బాధ్యతాయుత ప్రభుత్వమును కోరిరి.

కంపెనీలు రాకున్న రైలు వచ్చెడిదా, బొగ్గు వెలికివచ్చెడిదా యని అడుగువారు కలరు. రైలు మంచిదే. మేమును దానిలోనే ప్రయాణము చేయుచున్నాము. కాని అదే రైల్వేను నిజాము ప్రభుత్వము 1930లో కొనగలిగినది. అదే గనుల కంపెనీని 1945లో స్వాధీనపరచుకొనగలిగినది. నేడు సింగరేణిలో తెలంగాణా రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వాటాలు. మా ఆక్షేపణ బయటి ధనముపై కాదు, చీకటిలో వ్రాసికొనిన షరతులపై.

ఇక స్వతంత్ర దేశముల సంగతి. చిలీ దేశమున అలెండే ప్రభుత్వమునకు వ్యతిరేకముగ అమెరికా గూఢచారులు ఏండ్ల తరబడి ధనము వెదజల్లిరి. 1973లో ఆ ప్రభుత్వము కూలినది. ఆ లెక్కను 1975లో బయటపెట్టినది అమెరికా సెనేటులోని చర్చి సంఘము. అప్పుడు చిలీలో పార్లమెంటే లేదు, సైనికులు మూసివేసిరి. 1888 నాటి మన కథకు ఇది కవలపిల్ల. అట్లని అమెరికా తన యింటిని చక్కబెట్టుకొన్నదని తలపరాదు. పరదేశముల తరఫున పనిచేయువారు పేరు నమోదు చేసికొనవలెనని 1938లోనే చట్టము చేసిన ఆ దేశము, 2010లో సుప్రీంకోర్టు తీర్పుతో తన కంపెనీలు ఎన్నికలపై స్వతంత్రముగ ఎంత సొమ్మైనను వ్యయము చేయవచ్చునని తలుపులు తెరచినది. ఇంగ్లండులో, రష్యావారి జోక్యముపై పార్లమెంటు సంఘము వ్రాసిన నివేదిక 2019 ఎన్నికలకు ముందు సిద్ధమైయుండియు 2020 జూలైలోగాని వెలువడలేదు. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో జోక్యము జరిగినదా యని ప్రభుత్వము విచారింపనే లేదని అందు వ్రాసిరి. ఆలస్యమైనను వ్రాయగలిగిరి, అచ్చువేయగలిగిరి. సింహళము 2017లో హంబన్‌టోట రేవును 99 ఏండ్ల కౌలుకు చీనా కంపెనీ కిచ్చినది. 1902లో ఏటికి 25 లక్షలకు బీరారును శాశ్వతకౌలు కిచ్చిన నిజామును ఎరిగిన మనకు ఇది క్రొత్త కాదు.

ఇప్పుడు మన యిల్లు. 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు, కాంగ్రెసును, భారతీయ జనతాపక్షమును రెండును విదేశ విరాళముల చట్టమును ఉల్లంఘించినవని తేల్చినది. విదేశ కంపెనీ అధీనమందలి సంస్థలనుండి చందాలు పుచ్చుకొనుట వాటి తప్పు. అటుపై నేమి జరిగినది? తప్పు చేసినవారికి శిక్ష పడలేదు, చట్టమే మారినది. 2016లో ఆర్థిక చట్టములో ఒక మూల విదేశ మూలము అను పదమునకు క్రొత్త అర్థము వ్రాసి, దానిని 2010నుండి వర్తింపజేసిరి. అదియును చాలక 2018లో 1976 వరకు వెనుకకు జరిపిరి. నలువదిరెండేండ్ల పాపము ఒక్క వాక్యముతో కడిగివేయబడినది. లోక్‌సభలో ఆ బిల్లుపై చర్చ జరుగలేదు. ఎదుటి పక్షముపై విదేశహస్తమని వ్రేలు చూపు ఈ రెండు పక్షములలో ఏదియు ఆ సవరణవలన నష్టపడలేదు. ఏదేని స్వచ్ఛంద సంఘము వెలుపలి సొమ్ము పుచ్చుకొన్నచో పైసపైసకు పద్దు చూపవలెను. చూపవలసినదే! కాని సంఘమునకు సూదిబెజ్జము, పక్షమునకు సింహద్వారమా?

ఎన్నికల బాండ్లు 2018లో వచ్చినవి. ఎవ్వరిచ్చిరో ఓటరునకు తెలియదు. స్టేటు బ్యాంకునకు తెలియును. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఆ పథకమును కొట్టివేసిరి. కంపెనీ చందాలపై పూర్వముండిన పరిమితిని తొలగించిన సవరణను కూడ కొట్టివేసిరి. పిమ్మట వెలువడిన పట్టికలలో 2019 ఏప్రిలు మొదలు భారతీయ జనతాపక్షమునకు రమారమి 6,060 కోట్లు, కాంగ్రెసునకు 1,421 కోట్లు ముట్టినట్లు కానవచ్చెను. ఒక్క రాష్ట్రమునందే బలము గల మన భారత రాష్ట్ర సమితికి 1,214 కోట్లు! బాండ్లు కొనినవారిలో రెండవ స్థానము హైదరాబాదులోని మేఘా ఇంజనీరింగు కంపెనీది, 966 కోట్లు. కాళేశ్వరము, పోలవరము పనుల గుత్తేదారు లెవ్వరో తెలిసినవారికి ఆ పేరు క్రొత్త కాదు. ఏ రూపాయకు ఏ పని యని మేము తీర్పు చెప్పము. ఆరేండ్లు ఆ ప్రశ్న అడుగుటకే వీలు లేక పోయినదనుట మా ఫిర్యాదు. ఒక్క మాట చెప్పుట న్యాయము: మార్క్సిస్టు కమ్యూనిస్టు పక్షము బాండ్లు పుచ్చుకొనలేదు, వ్యాజ్యమున వాదిగను నిలిచినది. ఆ పక్షముతో మా కెన్ని భేదము లున్నను దీనిని దాచము.

నాలుగవ లెక్క లండనులో గాక ఢిల్లీలో, మన పౌరుల వ్యాజ్యముమీదనే, విప్పబడినందుకు సంతసింపవలసినదే. అంతమాత్రమున పని ముగియలేదు. విదేశ విరాళములపై చేసిన ఆ వెనుకటి సవరణను ఆ తీర్పు ముట్టుకొనలేదు. 20,000 రూపాయలకు లోపు చందా యిచ్చినవారి పేర్లు పక్షములు నేటికిని చెప్పనక్కరలేదు. ఆరు జాతీయ పక్షములు సమాచార హక్కు చట్టమునకు లోబడునని కేంద్ర సమాచార సంఘము 2013 జూను 3న ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువును అవి పాటింపలేదు. పరస్పరము దేశద్రోహులని తిట్టుకొను పక్షములన్నియు ఈ యొక్క విషయమున అన్నదమ్ములు.

బయట యనగా సముద్రమున కావల యని మాత్రమే తలచువారు భద్రాచలపు అడవివైపు ఒకమారు చూడవలెను. ఆ సీమను 1860లో నిజాము ఇంగ్లీషువారి కప్పగించెను. 1959లో ఖమ్మము జిల్లాలో చేర్చిరి. 2014లో పోలవరము నిమిత్తము ఏడు మండలముల భూభాగమును, మొదట ఆర్డినెన్సుతోను పిదప చట్టముతోను, ఆంధ్రప్రదేశములో కలిపిరి. రామాలయమున్న పట్టణము ఈవల, దాని చుట్టుపట్ల గ్రామములు ఆవల. ప్రభువుల కాలమున కోయవానిని అడుగలేదు, సరే. ఓటున్న కాలముననైన అడిగిరా? అతనికి లండనును ఢిల్లీయును ఎంత దూరమో లెక్కవేయుట భూగోళము బోధించు పంతులవలన నగు పని కాదు.

బోనకల్లులో జెండాదిమ్మె గల ప్రతి పక్షమునకును మేము ఈ వారమే లేఖ వ్రాయుచున్నాము. గత ఆర్థిక సంవత్సరమున తమ పక్షమునకు చందా యిచ్చిన కంపెనీల పేర్లు, మొత్తములు, వానిలో విదేశ వాటా యెంతయో, తెలుగున వ్రాసి ఒక ప్రతిని పఠనాలయమునకు, ఒక ప్రతిని మాకు పంపవలెనని కోరితిమి. వచ్చిన జవాబులను యథాతథముగ ఈ పుటలోనే ప్రకటింతుము. జవా బియ్యని పక్షముల పేర్లు వాటి ప్రక్కనే యుండును.