ఉమ్మడి చందా సరే, మిగిలినవారి మాటేమిటి?

ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఒంటరిగా బేరమాడితే ప్రచురణకర్త చెప్పిందే ధర. వందల గ్రంథాలయాలు కలిసి అడిగితే లెక్క మారుతుంది. యూజీసీ-ఇన్ఫోనెట్, ఆ తర్వాత 2015లో ఈ-శోధ్‌సింధు చేసిన పని ఇదే. ఆ బాటలో పెద్ద అడుగు ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం. దీనికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 ఈ-జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం లక్ష్యం. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సమన్వయకర్త.

చిన్న పట్టణంలోని ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడికీ, ఐఐటీ ఆచార్యుడికీ ఒకే అల్మారా దక్కడం నిజంగా మేలే. కానీ తొలి దశలో ప్రైవేటు కళాశాలలకు చోటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అధికులు చదివేది వాటిలోనే. పైగా చందా అంటే అద్దె, సొంతం కాదు. గడువు తీరితే మళ్లీ బేరమే. అందుకే కొత్త ఒప్పందంలో రెండు షరతులు ఉండాలి: ప్రైవేటు విద్యార్థికీ ప్రవేశం, చందా కట్టిన సంవత్సరాల సంచికలపై శాశ్వత హక్కు. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఫలితాలను అందరికీ ఉచితంగా తెరిచి ఉంచితే, రేపటి చందా భారమూ తగ్గుతుంది.