భుజం నొప్పి, గుండె నొప్పి: మన వివేకము

క్రీడల దినములు సమీపించగానే మన మైదానములో "భుజం పట్టేసింది" అనే మాట తరచు వినవచ్చును. అది ఎడమ భుజమైనచో గుండెకేమైనదోనని ఆ విద్యార్థికి రాత్రి నిద్ర పట్టదు. మరొకవంక, పరుగెత్తుచు స్పృహ తప్పిన మిత్రుని "ఉదయం ఏమీ తినలేదు కాబోలు" అని నీళ్లు చల్లి, మరల బరిలోనికి పంపుచున్నాము. మొదటిది అనవసరమైన భయము. రెండవది అపాయకరమైన ధైర్యము.

మా వయస్సువారిలో ఛాతీ, భుజముల నొప్పికి గుండె కారణమగుట చాల అరుదు. బంతి విసరుట, బరువులెత్తుట, పుస్తకాల సంచి ఒకే భుజమున మోయుట వలన కండరములు నొచ్చుటే సాధారణము. అట్టి నొప్పి ఉన్నచోటును వేలితో చూపవచ్చును. అక్కడ నొక్కినను, చేయి పైకెత్తినను అది హెచ్చును. విశ్రాంతితో కొద్ది దినములలో తగ్గును.

గుండె బాధ తీరు వేరు. శ్రమించునప్పుడే ఛాతీపై బరువు పెట్టినట్లుండి భుజమునకో దవడకో ప్రాకుట, గుండె దడ, ఆయాసము, స్పృహ తప్పుట హెచ్చరికలు. జ్వరముతో ఛాతీ నొప్పి వచ్చి, పడుకొన్నప్పుడు హెచ్చి, ముందుకు వంగినప్పుడు తగ్గినచో గుండెపొర వాపు కావచ్చును. కుటుంబములో చిన్న వయస్సుననే హఠాన్మరణములున్నచో మరింత జాగ్రత్త అవసరము. గుండె కండరము మందమగు వ్యాధి వంశపారంపర్యముగా వచ్చి, దృఢకాయుడైన ఆటగానిలోను దాగియుండగలదు. ఈ హెచ్చరికలలో ఒక్కటి కనిపించినను, నొక్కితే నొచ్చుచున్నదని ఊరుకొనక వైద్యుని చూడవలెను.

అయితే మాలో కొందరు ఇవన్నీ తెలిసియు చెప్పరు. చెప్పినచో జట్టులో స్థానము పోవునని భయము. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి మైదానములోనే కూలెను. అక్కడికక్కడే ఛాతీని నొక్కి, విద్యుత్ చికిత్స చేయుటచే బ్రతికెను. 2022లో మరల ఆడెను. దాచుకొనుటకన్న చికిత్సయే ఆటకు మేలు చేయునని మా విశ్వాసము.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి మూడు మాటలు. జట్లను ఎన్నుకొనుటకు ముందు ప్రతి విద్యార్థిని ఈ హెచ్చరికలను గూర్చి ఏకాంతముగా అడుగవలెను. ప్రతి తరగతి నుండి ఇద్దరికి ఛాతీ నొక్కు ప్రథమ చికిత్స నేర్పి, 108కు ఫోను చేయు బాధ్యత ఒప్పగించవలెను. బాధ చెప్పుకొన్నవానిని వైద్యుని మాట లేక జట్టునుండి తొలగించరాదు. కప్పు వచ్చే ఏడైనను గెలువవచ్చును. మిత్రుని మాత్రము మరల తెచ్చుకొనలేము.