రేంజ్ లెక్క నిజం చెప్పండి

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. కొనేవారికి ఊరట దక్కింది. నడిపేవారి తిప్పలు మాత్రం తీరలేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. కంపెనీ చెప్పే రేంజ్, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం ప్రకారం చాలా కార్లు మధ్యలో ఆగక్కర్లేదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ లెక్క తప్పుతుంది. దారిలో ఛార్జర్ దగ్గర ఆగితే ఒక్కోసారి స్క్రీనే వెలగదు. వెలిగినా, యాప్ దించుకో, వాలెట్‌లో ముందే డబ్బు వెయ్యి అంటుంది. టీకొట్టులో పది రూపాయలకూ యూపీఐ నడిచే చోట ఇదేం పద్ధతి?

రాబోయే కార్లకు ఇంకా పెద్ద తెరలు అక్కర్లేదు. మన ఎండల్లో, హైవే మీద ఎంత దూరం వస్తుందో కంపెనీలు ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్యాటరీ. అందులో ఒక భాగం (మాడ్యూల్) పాడైతే బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చమనడం అన్యాయం. దాన్ని విప్పి బాగుచేయగలిగేలా తయారుచేయాలి, ఆ పని తెలిసిన మెకానిక్ జిల్లా కేంద్రంలోనైనా దొరకాలి. పాత కారు అమ్మేటప్పుడు బ్యాటరీలో ఇంకా ఎంత సత్తా మిగిలిందో తెలిపే ధ్రువపత్రాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.